రెండు గదులకు ఒకే బల్బు

“ఏమప్పా రాయప్పా, నీకు ఈడేం పని?”

గోపాలప్పగారి గడప తొక్కకముందే నాకు దొరికిన మర్యాద ఇది. అడిగింది ఇంటాయన కాదు, పేట స్టేషను సబ్ ఇన్‌స్పెక్టరు కృష్ణప్ప. అరుగు మీద కుర్చీ వేయించుకుని, కాళ్ళు బారచాపి, హోటలు నుంచి తెప్పించుకున్న కాఫీ తాగుతున్నాడు. కేసు తేలిపోయిన పోలీసు ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడు.

“నువ్వు లోపలేసినావే వైర్‌మాన్ నాగరాజు, వాళ్ళమ్మ అక్కయమ్మ నన్ను పెట్టుకునింది. నా కొడుకు దొంగ కాదు, హత్య అసలే చెయ్యలేదు అంటాంది.”

“ఏ తల్లి చేసినాడంటాది? డిటెక్టివును కాదు, వకీలును పెట్టుకోమను. మధ్యాహ్నం కోర్టుకు తీసకపోతాండా. వాడే ఒప్పుకున్నాడు.”

“ఒప్పుకున్నాడా, ఒప్పించినావా?”

“కాగితం మీద రెండూ ఒకే మాదిరి ఉంటాయిలే. సుమ్నే పో.”

నేను నోరు మూసుకుని సుమ్నే పోయే రకం కాదని అతనికి బాగా తెలుసు. చెప్పులు విడిచి లోపలికి నడిచాను. అతను కప్పు పక్కన పెట్టి నా వెనకే వచ్చాడు. నేనేదో కనిపెడతానని కాదు, నేను భంగపడితే కళ్ళారా చూడాలని.

సంగతి ఇది. గోపాలప్పగారికి పట్టుచీరల అంగడి ఉంది. ఇంట్లో ఆయన, భార్య శాంతమ్మ, చనిపోయిన అన్నగారి భార్య కదిరమ్మ. ముగ్గురే. నిన్న తెల్లవారి కదిరమ్మ వెనక గదిలో, అటక నిచ్చెన కింద, తల పగిలి చనిపోయి కనిపించింది. పెరటి తలుపు గొళ్ళెం ఊడిపోయి ఉంది. వెండి చెంబు లేదు. నేల మీద ఒక స్క్రూ డ్రైవరు దొరికింది. అది నాగరాజుది. పేటలో సగం ఇళ్ళకు కరెంటు వైర్లు లాగింది వాడే కాబట్టి ఏ ఇంటి తలుపు ఎక్కడుందో వాడికి తెలుసు. ముందురోజు పగలు వాడు ఈ ఇంటికి రావడం వీధిలో అందరూ చూశారు. కృష్ణప్పకు అంతకంటే ఏం కావాలి?

ఇక గోపాలప్పగారి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. యుద్ధం వచ్చినప్పటి నుంచి కిరసనాయిలుకు కూపన్లు, కట్టెలకు తోపులాట, కరెంటు తక్కువ వాడండని గోడల మీద కాగితాలు. అందరూ గొణుక్కుంటూ వాడకం తగ్గించారు. గోపాలప్పగారు మాత్రం పండగలా తగ్గించారు. మా పేట వర్తక సంఘంలో లేచి నిలబడి, తన ఇంటి కరెంటు బిల్లు ఎలా సగానికి సగం దించారో వివరంగా చెప్పారు. రెండు గదుల మధ్య గోడకు పైన కంత పెట్టించి, ఆ కంతకు ఎదురుగా అవతలి గదివైపు ఒక్క బల్బు వేలాడదీయించారట. ఆ వెలుగు ఇటూ పడుతుంది, అటూ పడుతుంది. స్విచ్చి ఒక్కటే, అది ఆయన గదిలో. చీకటి పడే వేళ వేయడం, ఎనిమిదికి ఆర్పడం. సంఘం వాళ్ళు మురిసిపోయి, ఈ ఆదివారం ఆయనకు మాల వేసి సన్మానం చేస్తామని నిర్ణయించారు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ముందు వరసలో కూర్చుని మరీ కొట్టాను.

ఆయన పడకగదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. రెండు రోజుల గడ్డం, భుజాల చుట్టూ శాలువ. మొహం మాత్రం కడుక్కుని విభూతి పెట్టుకున్నారు. ఆయన తల వెనక గోడలో, దాదాపు కప్పును తాకుతూ, ఆ పేరు మోసిన కంత కనబడుతోంది.

“మొన్న రాత్రి ఎన్నింటికి పండుకున్నారు?” అని అడిగాను.

“తొమ్మిదిన్నర అయ్యుంటాది. యుద్ధం వార్తలు చదువుకుంటా ఉంటి.”

“దీపం వేసుకునేనా?”

“దీపం లేకుండా పేపరెట్ల చదువుతారప్పా?”

“ఎనిమిదికి ఆర్పేస్తారని విన్నాను.”

“ఆ పొద్దు ఆర్పలేదు. వార్తలు స్వల్ప ఎక్కువుండె.” ఆయన నా వైపు కాకుండా కృష్ణప్ప వైపు చూసి చెప్పారు.

“ఏమైనా సద్దు వినబడిందా? ఎవరైనా పడినట్టు, అరిచినట్టు?”

“లేదు.”

వంటింటి వాకిట్లో శాంతమ్మ నిలబడి ఉంది. ఆమె పైట చెంగును నోటికి అడ్డం పెట్టుకుంది. “అమ్మా, మీకేమైనా వినబడిందా?” అని అటు తిరిగాను.

“ఆయమ్మకు చెవులు మందం. అడిగి లాభం లేదు,” అన్నారు గోపాలప్ప.

కృష్ణప్పతో మాట్లాడుతున్నట్టు పక్కకు తిరిగి, గొంతు బాగా తగ్గించి, “దాహంగా ఉంది, కాసిన్ని నీళ్ళు దొరికితే బాగుండు” అన్నాను. శాంతమ్మ వెంటనే లోపలికి వెళ్ళి లోటాతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గోపాలప్పగారు శాలువ సర్దుకున్నారు. ఆయన ముఖం నాకెందుకో చూడబుద్ధి కాలేదు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి అబద్ధం ఆడుతుంటే ఎదుటివాడికే సిగ్గుగా ఉంటుంది.

“నాగరాజు ఆ పగలు ఎందుకొచ్చాడు?”

“పిలవకుండానే వచ్చినాడు. మీటరు చూస్తానంటా ఆ గదీ ఈ గదీ తిరిగినాడు. ఏం చూసి పోయినాడో ఇప్పుడు తెలుస్తాంది.”

“వాడు వేరే మాదిరి చెబుతున్నాడు. కదిరమ్మగారే పిలిపించారంట, తన గదిలో పక్కన ఒక స్విచ్చి పెట్టమని. మీరొచ్చి కేకలేసి తరిమేశారంట. ఆ తొందరలో స్క్రూ డ్రైవరు మరిచిపోయాడంట.”

“అబద్ధం,” అన్నారాయన. ఇందాకటి కంటే చిన్నగా.

కృష్ణప్ప నవ్వాడు. “ఈ కథ నాకూ చెప్పినాడు. ఇంట్లో ఎక్కడైనా రెండో స్విచ్చి ఉండాదా చూడు పో. నేను చూసినా. లేదు.”

* * *

వెనక గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా కళ్ళు అలవాటు పడేదాకా ఏమీ కనబడదు. ఒక మూల చెక్క నిచ్చెన అటకకు ఆనించి ఉంది. దాని పైమెట్లకు మూరెడు దూరంలో, గోడ కంతకు ఎదురుగా, బల్బు. నిచ్చెన కింద నేల కడిగి ఉంది కానీ కడిగినా పోని నల్లటి మరక ఉంది.

“చెప్పు కృష్ణప్పా, నీ లెక్కలో ఏం జరిగింది?”

అతను ఉత్సాహంగానే చెప్పాడు. “ఆయమ్మ పండుకొని ఉండాది. వీడు చీకట్లో గొళ్ళెం పెరికి దూరినాడు. చెంబు తీసినాడు. ఆయమ్మ లేచె. తోసినాడు. నిచ్చెనకు తల తగిలె. డాక్టరు చెప్పినాడు, వెంటనే పోలేదంట, తెల్లారేదాకా ప్రాణం ఉండిందంట. పాపం ముసలిది.”

“ఎన్నింటికి?”

“ఎనిమిదిన్నరకు. తొమ్మిదికి వాడు భజన మందిరంలో తాళాలు వాయిస్తా ఉండాడని నలుగురు చెప్పినారు. కాబట్టి అంతకు ముందే.”

“ఆయమ్మ పండుకొని ఉంటే చాప ఏది?”

చాప గోడవార చుట్టి, తాడు కట్టి ఉంది. దిండు దాని మీదే పెట్టి ఉంది. కృష్ణప్ప దాన్ని నిన్ననే చూసి ఉంటాడు. చూసినదాన్ని గురించి ఆలోచించడం అతని ఉద్యోగంలో లేదు.

“పొద్దున ఇంటివాళ్ళు చుట్టి పెట్టింటారు.”

“చనిపోయినావిడ పక్కన కూర్చుని చాప చుట్టి, తాడు కూడా కట్టినారా? సరే, అది వదిలెయ్. చీకట్లో దూరినాడన్నావు. ఏ చీకట్లో?”

“ఏ చీకట్లో అంటే?”

నేను బల్బు చూపించాను. “ఈ గదికి వేరే దీపం లేదు. ఉన్నది ఇదొక్కటే. తొమ్మిదిన్నర దాకా దీపం వేసుకుని పేపరు చదివినానని గోపాలప్పగారు ఇప్పుడే నీ ముందర చెప్పారు. ఆయన గదిలో వెలుగు ఉంటే ఈ గదిలోనూ ఉన్నట్టే. మరి ఎనిమిదిన్నరకు చీకటెక్కడిది?”

కృష్ణప్ప బల్బును చూశాడు. కంతలోంచి అవతలి గది కప్పును చూశాడు.

“వెలుగులోనే దూరింటాడు.”

“పక్క గదిలో ఇంటాయన మేలుకుని ఉండగా, దీపం వెలుగుతుండగా, గొళ్ళెం పెరుక్కుని? అయినా ఆయనకు సద్దు వినబడలేదా? ఒకటి చెయ్యి. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడుతున్నారో నువ్వే తేల్చు. నీ ముద్దాయి ఒప్పుకున్న కాగితమా, సావుకారు మాటా? రెండూ నిజం కావడానికి ఈ ఇంట్లో ఇంకో బల్బు లేదు.”

“నువ్వు ఇట్లాంటి మాటలతోనే బతుకుతాండావు,” అన్నాడు. గొంతులో మునుపటి జోరు లేదు.

పెరటి తలుపు గొళ్ళెం చూశాను. బయటి నుంచి తోస్తే చెక్క లోపలికి చీలాలి. ఇక్కడ చెక్క చీలనే లేదు. లోపలివైపు నుంచి ఏదో పలుగు పెట్టి మెల్లగా ఎత్తిన గీతలున్నాయి. దొంగ బయటికి పోవడానికి గొళ్ళెం తీసుకుంటాడు కానీ పెరుక్కోడు. కృష్ణప్ప వంగి గీతల మీద వేలు పెట్టి చూశాడు.

తిరిగి గదిలోకి వస్తుంటే గోడ మీద క్యాలెండరు కనబడింది. ఏదో నూనె కంపెనీ వాళ్ళది, లక్ష్మీదేవి బొమ్మతో. కిటికీ లేని గదిలో, వెలుతురు రాని మూలలో, మనిషి నడుము ఎత్తున ఎవరైనా క్యాలెండరు తగిలిస్తారా? తీసి చూశాను. దాని వెనక గుండ్రటి చెక్క బిళ్ళ. స్విచ్చి బిగించడానికి ముందు గోడకు కొట్టే బిళ్ళ అది. రెండు స్క్రూలు బిగించి ఉన్నాయి. మూడో రంధ్రం ఖాళీ. కింద నేల మీద సున్నం పొడి ఇంకా తెల్లగా ఉంది.

“నీకు కావలసిన రెండో స్విచ్చి,” అన్నాను. “సగం అయింది.”

కృష్ణప్ప టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆ బిళ్ళ చూస్తుంటే నాకు కేసు సంగతి కాసేపు పోయింది. చేయి చాచితే అందే ఎత్తులో పెట్టించుకుంది ఆవిడ. నిచ్చెన దిగిన వెంటనే తగిలేలా. కరెంటు ఉండగా నూనె దీపం దండగ అని ఈ ఇంట్లో బుడ్డి దీపం కూడా ముట్టించనివ్వరు. బిల్లు వస్తుందని కరెంటూ వేయనివ్వరు. మధ్యలో ఆవిడకు మిగిలింది తడుముకోవడమే. ఇదంతా సంఘంలో విన్నప్పుడు మాకు ఎంతో తెలివిగా తోచింది. అవతలి గదిలో ఎవరు పడుకుంటారని మాలో ఒక్కడూ అడగలేదు.

గది పక్కనే బచ్చలి, నీళ్ళు పోసుకునే గది. మూలన పొయ్యి మీద కట్టించిన రాగి హండ, ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్ళు కాగేది. శాంతమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. భర్త వెంట లేడు.

“అమ్మా, హండ కింద మంట వేసేది ఎవరు?”

“అక్కనే.” ఆమె మొదటిసారి నోరు విప్పింది. “సాయంత్రం బూడిదెత్తి పొయ్యి తుడిచి పెట్టుకుంటాది. మాపుకు టెంకాయ పీచు అటక మీద నుంచి దించుకుంటాది. తెల్లారి దీపమెయ్యరు కదప్పా. చీకట్లో అటక ఎక్కలేదు. అందుకని ముందుగానే దించుకునేది.”

“ప్రతి రోజూ బూడిద ఎత్తుతుందా?”

“ఒక్క పొద్దు తప్పదు. ఆ బూడిదతోనే కదా బోకులు తోమేది.”

ఆవిడ పడిపోయాక ఈ ఇంట్లో ఎవరూ స్నానాల మంట వేయలేదు, సావుకారు మొహం మాత్రమే కడుక్కుని ఉండటం చూశాను. మరి తుడిచిన పొయ్యిలో బూడిద ఉండకూడదు. ఉంది. బోకుల కోసం ఎత్తి పెట్టినదంతా ఎవరో తిరిగి పోసినట్టు నిండుగా ఉంది. నేను చొక్కా చెయ్యి పైకి లాక్కుని మోచేతి దాకా పెట్టి కెలికాను. వేళ్ళకు చల్లగా తగిలింది. వెండి చెంబు.

కృష్ణప్ప దాన్ని నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూశాడు. “వాడే దాచిపెట్టిపోయి...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

“దొంగ ఎత్తుకుపోవడానికి వస్తాడు కృష్ణప్పా. ఇంట్లోనే భద్రం చేసిపోవడానికి రాడు.”

శాంతమ్మ గోడకు ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చుంది.

* * *

“నువ్వు పోయి ఆ గదిలో సావుకారు మంచం మీద కూర్చో,” అన్నాను కృష్ణప్పతో. “ఎదురు గోడనే చూస్తుండు. కంతవైపు చూడొద్దు.”

“నీ హుకుం ఏంటికి వినాల?”

“వినకపోతే మధ్యాహ్నం కోర్టులో వకీలు చెబుతాడు, నలుగురి ముందర వింటావు.”

అతను వెళ్ళాడు. నేను వెనక గదిలోంచి కంతలోకి గొంతెత్తి, “గోపాలప్పగారూ, స్విచ్చి వేయండి” అన్నాను.

“పట్టపగలేంటికప్పా? కరెంటు దండ...” అవతల మాట అక్కడే తెగిపోయింది. క్షణం తర్వాత బల్బు వెలిగింది.

నిచ్చెన ఎక్కాను. నాలుగు మెట్లు ఎక్కేసరికి నేను బల్బుకూ కంతకూ మధ్యకు వచ్చాను, బల్బు నా చెవి దగ్గరికి వచ్చింది, వేడి తగులుతోంది. అటకలో టెంకాయ పీచు కుప్పగా ఉంది. ఒక చేత్తో పీచు అందుకోవాలంటే రెండో చేత్తో నిచ్చెన పట్టుకోవాలి. అందుకున్నాక దిగేటప్పుడు పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. కళ్ళే దిక్కు.

“రాయప్పా!” అవతల నుంచి కృష్ణప్ప కేక. “నీ తలకాయ ఈ గోడ మీద ఉండాది! నీడ! చెయ్యెత్తినావు, పీచు పట్టుకున్నావు. అంతా కనబడతాండాది!”

“మంచం మీద కూర్చున్నవాడికి కనబడుతుందా?”

“కనబడకుండా ఎట్ల ఉంటాది? గోడంతా నువ్వే.”

నేను రెండు చేతులా పీచు పట్టుకుని పైమెట్టు మీదే నిలబడ్డాను. నేను అంత ధైర్యస్తుణ్ణి కాదు.

“గోపాలప్పగారూ, ఇప్పుడు ఆర్పండి.”

బల్బు ఆరలేదు.

“ఆర్పండి. మొన్న రాత్రి ఆర్పినట్టే. నా నీడ గోడ మీద ఉంది కదా, చూస్తూ ఆర్పండి.”

తర్వాత ఆయన గొంతు వచ్చింది. సంఘంలో విన్న గొంతు కాదది.

“దిగప్పా. ముందు దిగు. చీకటైతే కాలు జారుతాది.”

నేను పీచు కింద పడేసి, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగాను. కేసు చిక్కు విడినప్పుడు నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోతుంది. ఆ పూట పోలేదు.

పడకగదిలోకి వచ్చేసరికి గోపాలప్పగారు స్విచ్చి దగ్గర నేల మీద కూలబడి ఉన్నారు. కృష్ణప్ప మంచం మీది నుంచి లేచి ఎడంగా నిలబడ్డాడు.

“నేను చంపలేదు,” అన్నారాయన. “తోయలేదు. ముట్టుకోలేదు.”

“తెలుసు. ఏం చేశారో చెప్పండి.”

“ఆ పగలు అంగటి నుంచి వచ్చేసరికి నాగరాజు స్విచ్చి పెడతా ఉండె. నా ఇంట్లో, నన్నడక్కుండా. సంఘంలో అందరికీ చెప్పుకున్నా కదప్పా, ఒకే స్విచ్చి అని. అరిచినా. వాణ్ణి ఎల్లగొట్టినా. వదిన మారు మాట్లాడలేదు. రాత్రి ఎనిమిదాయె. గోడ మీద నీడ చూసినా. పైన ఉండాది. చూసే...” ఆయన ముక్కు తుడుచుకున్నారు. “చూసే ఆర్పినా. దీపం ఎవరి చేతిలో ఉండాదో తెలియాల అనుకున్నా. అంతే. ఒగ నిమిషం చీకట్లో నిలబడితే బుద్ధొస్తాదని.”

“పడిన సద్దు వినబడిందా?”

ఆయన తల దించుకున్నారు. జవాబు వాకిట్లోంచి వచ్చింది.

“వినబడె,” అంది శాంతమ్మ. “ఇద్దరికీ వినబడె. నాకు చెవులు బాగానే ఉండాయి.”

“శాంతా,” అన్నారాయన.

“పిలిచింది కూడా. ‘గోపాలా, ఒగ గడియ దీపమెయ్యప్పా’ అనింది. మెల్లగా. ఎప్పుడూ మెల్లగానే కదా మాట్లాడేది. ఈయన ‘రేపట్నుంచి బిరిన దిగు, తడుముకోని పండుకో’ అనె. నేను లేచినా. చెయ్యి పట్టుకున్నాడు.” ఆమె తన ముంజేతిని చూసుకుంది, అక్కడ ఇంకా ఆ పట్టు ఉన్నట్టు. “పట్టుకుంటే మాత్రం? నేను విడిపించుకోలేనా? స్విచ్చి ఈ పక్కనే కదా. నేనూ కూచుంటి. మళ్ళీ పిలవలేదు. పండుకునిందిలే అనుకుంటి. అనుకుంటే సులభం కదప్పా, అనుకుంటి.”

కృష్ణప్ప నా వైపు చూశాడు. ఇందాక వెనక గదిలో తానే ఎంత తేలిగ్గా అన్నాడో ఆ డాక్టరు మాట, తెల్లారేదాకా ప్రాణం ఉండిందని, ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అది చెప్పవద్దని కళ్ళతోనే వేడుకున్నాను. కానీ వాళ్ళకు చెప్పనక్కర లేకపోయింది. తెల్లారి ఆవిణ్ణి ముట్టుకుంది వాళ్ళే. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందట. శాంతమ్మే చెప్పింది.

“గొళ్ళెం?” అన్నాను.

“నేనే,” అన్నారు గోపాలప్ప. “నిచ్చెన మీద నుంచి పడిందని చెప్పొచ్చు. ఎట్ల పడిందంటారు. చీకట్లో అంటాను. ఏంటికి చీకటి అంటారు. ఆ మాట అడుగుతారు కదప్పా, ఏంటికి చీకటి అని! ఆదివారం మాల వేస్తామన్నోళ్ళే అడుగుతారు. అంగట్లో ఏ మొహం పెట్టుకొని కూచుందు? దొంగ వచ్చినాడంటే ఎవరూ దీపం సంగతి అడగరు. చుట్టిన చాప నా కంటికి పడనే లేదు. నాగరాజు పేరు నేను చెప్పలేదు. ఆ స్క్రూ డ్రైవరు పోలీసోళ్ళకు దొరికె.”

“వాడేనా అని అడిగినప్పుడు కాదనలేదు కదా.”

“లేదు.”

“వాడికి ఉరి పడేది.”

“తెలుసు,” అన్నారాయన. “రెండు రోజులుగా అదే అనుకుంటాండా. చెప్పాలనే అనుకుంటా ఉంటి. నోరు రాలేదు.”

కృష్ణప్ప గొంతు సవరించుకున్నాడు. నాకు తెలిసిన కృష్ణప్ప అయితే ఈపాటికి బేడీలు తీసి ఉండాలి. “రాయప్పా,” అన్నాడు నన్ను పక్కకు పిలిచి, “దీపం ఆర్పినందుకు ఏ సెక్షను రాయాల?”

“నాకు తెలియదు. గొళ్ళెం పెరికినందుకు రాయి, చెంబు దాచినందుకు రాయి, అబద్ధం చెప్పినందుకు రాయి. మిగతాది జడ్జి చూసుకుంటాడు. ముందు నాగరాజును వదులు.”

అతను టోపీ అంచును చేతుల్లో తిప్పుతున్నాడు.

“ఏమైంది?”

“వాని కుడి చెయ్యి...” కృష్ణప్ప నా మొహం చూడలేదు. “ఒప్పుకోమంటే ఒప్పుకోకపోయె. వైర్లు పట్టే చెయ్యి కదా, దానికి భయపడతాడని... రెండు వేళ్ళు సరిగ్గా లేవు. వాళ్ళమ్మకు నువ్వు చెప్తావా?”

“నేను చెప్పను. నువ్వే చెప్పాల.”

పోట్లాటకు వచ్చిన మనిషిని నేను. పదిమందిలో ఈ కృష్ణప్ప నోరు మూయించాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. నోరు మూతపడింది. దానివల్ల నాకు కలిగిన సంతోషం మాత్రం ఏమీ లేదు. అక్కయమ్మ నా వాకిట్లో కూర్చుని ఉంటుంది, కొడుకు నిర్దోషి అని చెబితే కాళ్ళ మీద పడుతుంది. ఆ చెయ్యి సంగతి తెలియకముందే అక్కణ్ణించి తప్పుకోవాలన్న ఆలోచన ఒక్క క్షణం నాకూ వచ్చింది.

కృష్ణప్ప గోపాలప్పగారి భుజం పట్టి లేపాడు. బేడీలు వేయలేదు. “నడువు సావుకారూ,” అన్నాడు మర్యాదగానే. బయట వీధిలో జనం పోగయ్యారు. సంఘం వాళ్ళూ ఉన్నారు. నవ్వులేమీ వినబడలేదు, ఎవరో దగ్గారు.

గోపాలప్పగారు శాలువ తల మీదికి కప్పుకుని ఆ గది తలుపు దాకా నడిచారు. గడప దగ్గర ఆగారు. చెప్పుల కోసమేమో అనుకున్నాను. కాదు. ఆయన వెనక్కి తిరగకుండానే, గోడవైపు చూడకుండానే, కుడి చెయ్యి పక్కకు చాచారు. గదిలోంచి బయటికి పోయే ముందు రోజూ చేసే పని. వేళ్ళు స్విచ్చి మీద పడ్డాయి.

“ఆర్పొద్దు,” అంది శాంతమ్మ.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తన చేతిని తనే చూసుకున్నారు, అదెవరిదో తెలియనట్టు. తర్వాత దాన్ని శాలువలోకి లాక్కుని, మొహం పూర్తిగా కప్పుకుని, జనంలోకి దిగారు.

నేను చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. శాంతమ్మ వెనక గదిలోకి వెళ్ళి, చుట్టి ఉన్న చాపను విప్పి నిచ్చెన పక్కన పరుస్తోంది. పైన కంత దగ్గర బల్బు వెలుగుతూనే ఉంది.